నడుము నొప్పి అంతా డిస్కు కాదు

విద్యార్థులతో విహారయాత్రకు వెళ్ళినప్పుడు అరకు సంతలో కావళ్ళు మోసుకొని కొండ దిగి వచ్చే గిరిజనులను చూశాము. వారిలో ఒక వృద్ధుడు నడుము పట్టుకొని కూలబడగా, “డిస్కు జారి ఉంటుంది” అని మేమే తీర్పు చెప్పివేశాము. బరువులు మోసేవారి విషయంలో ఇంత సులభంగా తోచే ఊహయే ప్రమాదకరమని ఇప్పుడు మా అభిప్రాయం.

పూర్వం ఈ పొరపాటు తలక్రిందులుగా జరిగేది. వెన్నులోని మృదులాస్థి కణితులని తలచి తీసివేసిన ముక్కలలో అనేకం జారిన డిస్కు భాగాలేనని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ వెల్లడించారు. నాడు డిస్కును కణితి అనుకొన్నారు. నేడు కణితిని డిస్కు అనుకొంటున్నాము.

డిస్కు నొప్పి సాధారణంగా నడుము క్రింది భాగాన పుట్టి కాలిలోకి పాకుతుంది. వంగినా, కూర్చున్నా హెచ్చుతుంది. పడుకొంటే కొంత శాంతిస్తుంది. చాలామందికి కొన్ని వారాలలో తగ్గుముఖం పడుతుంది. కణితి నొప్పి తరచుగా విశ్రాంతిని లక్ష్యపెట్టదు. రాత్రి నిద్ర నుండి లేపుతుంది, నానాటికీ పెరుగుతుంది. వీపు నడుమ నొప్పి, అకారణంగా చిక్కిపోవడం కూడా అనుమానించదగినవే. సాయంకాలపు జ్వరం తోడైతే వెన్నెముక క్షయను మరువరాదు. అది మందులతో నయమయ్యే వ్యాధి. కాళ్ళు పట్టుతప్పినా, మూత్రం నిలిచిపోయినా కారణం ఏదైనా కావచ్చు (పెద్ద డిస్కు కూడా ఇంత పని చేయగలదు), ఆ రోజే పెద్దాసుపత్రికి చేర్చవలసిందే.

యంత్రం ఉన్నదిగా అనవచ్చును. ఎక్స్-రేలో డిస్కు కనబడదు. ఎముక చాలావరకు క్షీణిస్తేగాని కణితి జాడ తెలియదు. ఎం.ఆర్.ఐ. మేలైనదే. కాని 1994లో అమెరికాలో నడుము నొప్పి ఎరుగని 98 మందిని పరీక్షింపగా సగానికి పైగా మందిలో డిస్కు ఉబ్బు కనిపించింది! ఆ ఉబ్బే కారణమని తృప్తిపడితే, పైన వీపులోని కణితి ఆ చిత్రంలోకే రాదు.

అరకు నుండి విశాఖపట్నం నూరు కిలోమీటర్లకు పైబడిన ఘాట్ ప్రయాణం. దారి లేని గూడెం నుండి డోలీలో వచ్చిన రోగిని “మళ్ళీ నెలకు రమ్మని” పంపడం, రావద్దని చెప్పడమే. కనుక మొదటి రోజు అడిగే ప్రశ్నలే అతనికి ప్రాణాధారం. “రాత్రి నొప్పి నిన్ను లేపుతుందా?” అన్న ప్రశ్న కువి భాషలోను, ఆదివాసీ ఒడియాలోను అడగగలవారు కావాలి. తెలుగులో తల ఊపించుకొన్న జవాబు జవాబు కాదు. భాష బోధించే మాకు ఇది బాగా తెలుసు. పాడేరులో 2024లో ఆరంభమైన వైద్య కళాశాల ఈ పని చేపట్టవలెను. మా కమిటీ పెద్దలు కూడ వచ్చే సేవాశిబిరానికి టార్చిలైట్లు, దుప్పట్లతోపాటు ఆ భాషలు తెలిసిన ఇద్దరు యువకులను వెంట పంపగోరుతాము.