వన్సుమోరు వ్యాధి

అమెరికాలోని లాస్ వేగస్ జూదమునకు ప్రసిద్ధికెక్కిన పట్టణము. అచట 2023వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీని క్రొత్త సంగీతశాల యొకటి తెరవబడినది. ఆకారమును గోళమే, పేరును గోళమే, స్ఫియర్ అందురు. ఎత్తు 366 అడుగులు. కట్టుటకైన వ్యయము సుమారు 230 కోట్ల డాలర్లు. లోపలి గోడయే తెర. దాని వైశాల్యము 1,60,000 చదరపుటడుగులు, అనగా మూడున్నర యెకరములకు పైబడిన దీపముల చేను. పదివేల కుర్చీలు పాటతోపాటు కంపించును. వెలుపలి కవచము కూడ దీపమయమే. దానిపై నొకప్పుడు చంద్రబింబము, ఒకప్పుడు పెద్ద కనుగ్రుడ్డు, మరియొకప్పుడు వ్యాపారప్రకటనలు వెలుగుచుండును.

ఇంతటి నూతనశాలను ప్రారంభించినవారు నూతనగాయకులు కారు. 1976లో డబ్లిను నగరమున బడిపిల్లలుగా చేరి పాట మొదలిడిన యూటూ అను రాక్ బృందమువారు. రాక్ అనగా విద్యుత్తుతో మ్రోగు గిటారులును, చెవులు గింగురుమనిపించు డప్పులును గల సంగీతము. పెద్దలపై పిల్లల తిరుగుబాటుగా పుట్టినది. ఆ పిల్లలే యరువది దాటిన వారై 2024 మార్చి వరకు నలువది కచేరీలు చేసిరి. వారి డప్పులవాడు శస్త్రచికిత్స పొంది కోలుకొనుచుండుటచే వేరొకడు వాయించెను. కచేరీకి వెన్నెముక 1991లో వారు వెలువరించిన పాటలసంపుటము. నిలిచిన వేదిక గ్రామఫోను పళ్లెము నాడించు యంత్రమును తలపించునట్లు నిర్మింపబడినది. ఇది నేను కల్పించిన పరిహాసము కాదు. వారే యెంచుకొన్న రూపము.

పిమ్మట నితర బృందములు వచ్చినవి. ఊరూర తిరుగుట మాని యొకచోటనే వారములకొలది పాడుటకు వారు రెసిడెన్సీ యని పేరిడిరి. మనవారు దానిని ఆస్థానమనవచ్చును. కాని ఆ పోలికలోని మోసమును కొంత తడవైన పిమ్మట చూపెదను.

ఈ వార్తలు చదివిన మన పెద్దలలో ననేకులు, "ముసలితనమున వీరికీ గంతులేల? కృష్ణా రామా యనుకొనరాదా?" యందురు. నేను వారి పక్షము కాను. హైడన్ అను ఆస్ట్రియా సంగీతకర్త 1791లో లండనునకు వచ్చునప్పటికి ఏబదియెనిమిదేండ్లవాడు. ఆ నగరము నిమిత్తము పండ్రెండు క్రొత్త సింఫనీలు రచించెను. ఇటలీ దేశపు వెర్డీ తన ఫాల్‌స్టాఫ్ గేయనాటకమును 1893లో రంగమెక్కించునప్పటికి డెబ్బదితొమ్మిదేండ్లవాడు. మన కచేరీలలో వృద్ధవిద్వాంసుడు శ్రుతి తగ్గించుకొని పాడినచో రసికులు నొచ్చుకొనరు. పైస్థాయి పోయిన చోట ఆలోచన లోతైనదా యని చూతురు. ముదిమి పాటకు శత్రువు కాదు. పైగా, ప్రతిదినమును బస్సులలోను విమానములలోను పడి తిరుగుట డెబ్బదియేండ్ల దేహమునకు శిక్షయే. ఒకచోట నిలిచి పాడుదుమన్న వారిని తప్పుపట్టుట నిర్దయ.

మరికొందరు యంత్రమును తిట్టుదురు. నేను వారి పక్షమును కాను. 2024 ఏప్రిలులో నీ గోళముననే ఫిష్ అను బృందమువారు నాలుగు రాత్రులు పాడిరి. వారును 1983లో చేరినవారే, బాలురు కారు. నాలుగు రాత్రులలో నొక్క పాటయు రెండవమారు పాడలేదు. గోడపైని చిత్రములు కూడ ఏ రాత్రివి ఆ రాత్రికే. తెర యదియే, కుర్చీలవియే. కనుక దోషము గోడలో లేదు.

దోషమెచట నున్నది? వినువాని నాలుకపై నున్నది. "మరల నదే" యను కోరికలో నున్నది. మన పద్యనాటకములవారు దానికి వన్సుమోరని పేరిడిరి.

ఈగిల్స్ బృందమును చూడుడు. 1971లో లాస్ ఏంజెలెస్ నగరమున పుట్టినది. 2023లో దీర్ఘమైన వీడ్కోలని పేరుపెట్టి, ఇదియే కడపటి యాత్రయని చాటి బయలుదేరినది. 2024 సెప్టెంబరులో గోళమున దిగినది. వీడ్కోలు మాట యటుండగా 2025లోను కచేరీలు సాగినవి. 2016లో గతించిన గ్లెన్ ఫ్రే స్థానమున ఆతని కుమారుడు నిలిచి తండ్రిపాటలు పాడెను. తండ్రిపాట కొడుకు పాడుట మనకు వింత కాదు, తప్పును కాదు. కాని ఆ కుమారుని వలన జనము కోరినది కుమారుని పాట కాదు. 1976 నాటి హోటల్ కాలిఫోర్నియా 1976లో వినబడినట్లే వినబడవలెను. లేనియెడల చెల్లించిన పైకమునకు న్యాయము జరుగలేదందురు.

నాయొద్ద చదువుకొన్న యొకడు కాలిఫోర్నియాలో నుద్యోగము చేయుచున్నాడు. ఆ కచేరీకి పోయివచ్చి ఫోను చేసెను. "ఎట్లు పాడిరిరా?" యంటిని. "మాస్టారూ, మేము కూర్చున్న చోటికి మనుష్యులు అంగుళమంత కనబడిరి. గోడ మాత్రము అద్భుతమండీ!" యనెను. పాట సంగతి రెండుమారులడిగితిని. "అచ్చముగా రికార్డులో నున్నట్లే పాడినారు" అని మెచ్చుకొనెను. అచ్చముగా రికార్డులో నున్నట్లు! అతడది ప్రశంస యనుకొనెను. ఏబదియేండ్లు బ్రదికినను, మిత్రుని పాతిపెట్టినను, దేశము మారుట కన్నులార చూచినను, గొంతులో నేమియు మార్పు కనబడలేదన్నచో నిక నా బ్రదుకంతయు నెచటికి పోయినట్లు?

ఇప్పుడు ఆస్థానము మాట. హైడన్ దాదాపు ముప్పదియేండ్లు ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువున నుండెను. నౌకరు దుస్తులు తొడుగుకొని యాజ్ఞకు నిలిచినవాడే. కాని ఆ ప్రభువు అడిగినది క్రొత్త పాట. నిన్నటిది చాలునన్నచో హైడన్‌కు జీతమే లేదు. గోళములోని ప్రభువు టిక్కెట్టు కొన్నవాడు. వీడు నిన్నటిదే కావలెననును. పాశ్చాత్యదేశములలో పాతబృందము "ఇప్పుడొక క్రొత్తపాట" యనగానే సభలో సగము పానీయములకు లేచిపోవునను పరిహాసము ప్రసిద్ధము. రాజుల కొలువు దాస్యమని మనము నిందించితిమి, నిందింపవలసినదే. ఈ దాస్యము దానికంటె హీనము: ఇచట వృద్ధుడు తన యౌవనమునకే నౌకరు.

ఇది వయస్సుతో వచ్చు జబ్బనుకొనరాదు. ఎల్విస్ ప్రెస్లీ 1969లో నదే లాస్ వేగసులో నొక హోటలున పాడ నారంభించునప్పటికి ముప్పదినాలుగేండ్లవాడు. ఆరువందలకు పైగా కచేరీలు ఆ యొక్కచోటనే చేసి 1977లో నలువదిరెండవయేట గతించెను.

జబ్బు ముదిరిన పిమ్మట నేమగునో లండనులో చూచితిమి. ఆబా యను స్వీడను బృందమువారు 1982 నాటికే వేర్వేరైరి. 2022 మేనెలలో వారిపేర నొక ప్రత్యేకశాల తెరవబడినది. వేదికపై నలుగురును 1979 నాటి రూపములతో, ముడుత లేని ముఖములతో ఆడి పాడుదురు. ఆ రూపములు యంత్రములు గీసిన బొమ్మలు. డెబ్బది దాటిన మనుష్యులు ఇంట నుందురు. 2023 డిసెంబరులో కిస్ బృందమువారు తమ కడపటి కచేరీ ముగించి, ఆ వేదికపైననే తమ బొమ్మలను జనమునకు పరిచయము చేసిరి. తర్కము సరిగానే యున్నది. మార్పులేని పాటయే కావలసినప్పుడు మారు మనిషితో పనియేమి?

దూరపు సంగతి మనకేల యందురేమో. నా బాల్యమున మా యూరి జాతరకు పాండవోద్యోగ విజయములాడుటకు వృద్ధనటుడొకడు వచ్చెను, కృష్ణవేషము. పడకసీను పద్యమొకటి పాడెను. వన్సుమోరు! మరల పాడెను. వన్సుమోరు! మూడవమారు రాగము నడుమ గొంతు జీరపోయి నిలిచిపోయెను. జనము నవ్విరి. నేనును నవ్వితిని. ఆ రాత్రి ఆయన రాయబారమున మాటలకు క్రొత్త విరుపులు తెచ్చెనని మా తండ్రిగారు తరువాత చెప్పిరి. మాలో నొక్కరును వానిని వినలేదు, పద్యమునకై కాచుకొని కూర్చుంటిమి గనుక.

ఇంకొకటి చెప్పకున్న కపటమగును. రఘువంశము చెప్పునప్పుడు దిలీపుడు ఆవు వెంట తిరుగు ఘట్టమున నేను హాస్యకథ యొకటి చెప్పుదును. ఇరువదియేండ్లుగా నదే కథ, అదే చోట, అదే విరామము. అన్నలవలన విన్న తమ్ములు ముందుగనే నవ్వుటకు సిద్ధమై కూర్చుందురు. ఆ నవ్వు నాకు తీపిగనే యున్నది. నిరుడొక బాలిక లేచి, "మాస్టారూ, ఈ కథ మా అక్క చెప్పినది. సింహము మాట నిజమా కాదా, అది చెప్పండి" యనెను. ఉత్తరము నాయొద్ద లేకపోయెను. ఇంటికి వచ్చి రెండవసర్గము మొదటినుండి చదువుకొంటిని.

మన పట్టణములలో గానసభలు నడుపు పెద్దలు చదువరులలో నుందురు. వృద్ధవిద్వాంసుని పిలుచునప్పుడు పాటలపట్టిక వ్రాసి పంపు నాచారము మానుడు. కార్యక్రమములో నొక గంట ఆయన యిష్టమునకు విడువుడు. ఆ గంటలో చీటీలు పంపరాదనియు, కేకలు వేయరాదనియు తలుపువద్ద వ్రాసి పెట్టుడు. మొదటి రెండుమూడు కచేరీలకు సగము కుర్చీలు ఖాళీగా నుండును. ఆ నష్టము భరించుటకు మా పాఠశాలలో నుపాధ్యాయులము పదునొకండుగురము తలకొక రూపాయల నూరు వేసికొన సిద్ధముగా నున్నాము.