కొలత ఎవరి చేతిలో ఉండవలెను?

ఇల్లు కట్టించుకొనువాడు గాని, కట్టిన ఇంటిని కొనువాడు గాని, ఉన్న ఇంటికే నాలుగు మరమ్మతులు చేయించుకొనువాడు గాని, చెల్లించు ప్రతి రూపాయియు ఏదో ఒక కొలతను ఆశ్రయించియే చెల్లించుచున్నను, ఆ కొలతను స్వయముగా తీసి చూచుకొనువారు మన గృహస్థులలో అరుదు. రంగుల మేస్త్రీ చదరపు అడుగులు చెప్పును; ఫాల్స్ సీలింగు పనివాడు తన లెక్క తాను చెప్పును; వంటగట్టుకు గ్రానైటు పరచువాడు రన్నింగ్ ఫుట్టులని ఒక చీటీ వ్రాసి ఇచ్చును. యజమాని ఆ చీటీలోని కూడికలను రెండుమార్లు సరిచూచి, తానెంతయో జాగరూకుడనని తృప్తి చెందును. కూడిక సరిగానే యుండును. కూడబడిన అంకెలు ఎచ్చటనుండి వచ్చినవో అతడడుగడు. అడుగవలెనని తోచినను, టేపు రెండవ కొన పట్టుకొనుటకు మనిషి లేక, ఉన్న మనిషి దానిని గోడమూలకు సరిగా ఆనించునన్న నమ్మకము లేక, ఊరకుండును.

ఈ ఊరకుండుటకు ఇకమీదట సాకు లేదు. అరచేతిలో ఇముడు లేజరు కొలత పరికరము నేడు హార్డ్‌వేరు దుకాణములలో కొద్ది వేల రూపాయలకు దొరకుచున్నది. ఇది వ్యాపారప్రకటన వలె తోచినను తోచుగాక. డబ్బు పుచ్చుకొనువాడు మాత్రమే కొలుచు ఆచారము పోయి, ఇచ్చువాడును కొలుచు ఆచారము రావలెనన్నంతవరకే నా పక్షపాతము.

పరికరము చేయు పని చూచుటకు ఇంద్రజాలము వలె నుండును గాని, దాని వెనుకనున్న సూత్రము సులభగ్రాహ్యమే. మీట నొక్కగానే ఎర్రని కిరణమొకటి ఎదుటిగోడపై చుక్కయై నిలుచును. గోడ చెదరగొట్టిన ఆ కాంతిలో లేశమాత్రము వెనుకకు వచ్చి పరికరములోని కటకమును చేరును. పంపిన కాంతి తీవ్రతను యంత్రము అతివేగముగా హెచ్చించుచు తగ్గించుచు నుండును గనుక, ఆ హెచ్చుతగ్గుల వరుస తిరిగి వచ్చునప్పటికి ఎంత వెనుకబడినదో చూచి, దానినుండి దూరమును గణించి, తెరపై అంకెగా చూపును. 10 మీటర్ల దూరము పోయి వచ్చుటకు కాంతికి పట్టు కాలము సెకనులో కోటిన్నరవ వంతు. థియొడోర్ మైమన్ అమెరికాలో 1960లో మొదటి లేజరును వెలిగించిన తరువాత మూడు దశాబ్దములు గడచి, 1993లో లైకా సంస్థ ‘డిస్టో’ అను పేరుతో చేతితో పట్టుకొని కొలువదగిన మొదటి పరికరమును అంగడికి తెచ్చెను. కాంతితో దూరము కొలుచుట టేపు లేనప్పటి అనుకల్పమని భావించువారు మరియొకటి గమనింపవలెను: కాంతి శూన్యమునందు సెకనులో 29,97,92,458వ వంతు కాలమున పోవు దూరమే మీటరని 1983లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ నిర్ణయించినది. ఆ లెక్కను చూచినచో టేపే అనుకల్పము.

అయినను, దీని సూక్ష్మతను చూచి మురిసిపోవుట అనవసరము. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తప్పు రాదని తయారుదారులు చెప్పుదురు. మన గోడల పూతకే అంత నిలుకడ లేదు. ఒకే గది పొడవును నేలకు జానెడెత్తున నొకమారు, రొమ్ము ఎత్తున నొకమారు కొలిచినచో పావు అంగుళము భేదము కనబడుట వింత కాదు. పరికరము చెడినదని దానికర్థము కాదు, పూత పూసిననాడు మేస్త్రీ తూకపు గుండును తొందరగా చుట్టబెట్టినాడని అర్థము. పరికరముయొక్క నిజమైన ఉపకారము వేరొకచోట నున్నది. ఒంటరిగా నిలుచుండి, నిచ్చెన ఎక్కక, సామాను జరుపక, ఎవరి సాయమును కోరక, ఒక మనుష్యుడు ఇల్లంతయు అరగంటలో కొలిచి కాగితముపై పెట్టుకొనగలడు. ఆ కాగితము చేత నున్నవానితో మాటలాడు తీరు మేస్త్రీకి తానై మారును.

ఎత్తు సంగతి చూడుడు. నేలకొలతలలో ఎవరును పెద్దగా మోసము చేయరు. రాళ్లు లెక్కపెట్టియైనను యజమాని పట్టుకొనునని వారికి తెలియును. గోడ ఎత్తు మాత్రము ఎవరును కొలువనిది. స్లాబునుండి స్లాబునకు పదడుగులని ప్లానులో ఉన్నదానినే రంగులవాడు తన చీటీలో ‘10’ అని వేసికొనును. స్లాబు మందము, నేల పరుపు మందము పోగా, గదిలో మిగులు ఎత్తు సాధారణముగా 9 అడుగుల 4 అంగుళముల ప్రాంతమున నుండును. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గల గదికి చుట్టుకొలత 46 అడుగులు. ఆ ఎనిమిది అంగుళములు చుట్టును తిరిగివచ్చుసరికి 30 చదరపు అడుగులకు పైగా లేని గోడకు రంగు పడినట్లు లెక్క తేలును; ఇల్లంతటికి ఎంతగునో పాఠకులే వేసికొనవచ్చును. పరికరమును నేలపై నిలువుగా నిలిపి మీట నొక్కినచో ఈ వివాదమంతయు ఒక క్షణములో తీరును. అది రంగులవాని దుర్బుద్ధియని నేననను. అలవాటుగా అందరును వేయు అంకెనే అతడును వేసెను.

తలుపులు, కిటికీలు తగ్గించుటలో యజమానియే అన్యాయముగా మాటలాడు సందర్భములు కలవు. ఈ విషయమున భారతీయ ప్రమాణముల సంస్థవారి 1200వ సంఖ్య ప్రమాణము ఎప్పుడో మార్గము చూపినది. అర చదరపు మీటరు లోపు ఖాళీలను గోడపూత లెక్కలో అసలే తగ్గింపరాదు. అంతకు మించి మూడు చదరపు మీటర్ల వరకు ఉన్నవానికి గోడ రెండు ముఖములలో ఒక ముఖమున మాత్రమే తగ్గింపవలెను. తగ్గింపని రెండవ ముఖము ద్వారబంధము పక్కల లోతట్టు పూతకు బదులగును. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు గల మన మామూలు తలుపు 21 చదరపు అడుగులు, అనగా రెండు చదరపు మీటర్లకు కొంచెము తక్కువ. కావున దానిని గదివైపు తగ్గించిన పిదప హాలువైపున కూడ తగ్గింపుమని పట్టుపట్టుట న్యాయము కాదు. పని మొదలుపెట్టకముందే ఈ ఒక్క మాట అనుకొన్నచో ఎన్ని తగవులు తప్పునో!

పరికరము సత్యమునే చెప్పినను, దానిని చదువుటలో పొరపాట్లు జరుగును. అడుగులలో పెట్టి కొలిచినప్పుడు తెరపై 11.5 అని కనబడును. అది పదకొండడుగుల ఆరంగుళములు. దానిని పదకొండడుగుల ఐదంగుళములని చదివి వడ్రంగికి చెప్పినచో, అతడు కోసిన పలక అంగుళము పొట్టిదగును; కోసిన చెక్క తిరిగి పెరుగదు. అడుగులు అంగుళములు విడివిడిగా చూపు విధముగా ముందే మార్చి పెట్టుకొనుట, అంతకంటె మిల్లీమీటర్లలోనే వ్రాసికొనుట క్షేమము. కొలత పరికరపు వెనుక అంచునుండి మొదలగుచున్నదా, ముందు అంచునుండియా అనునది తెర మూలలో చిన్న గుర్తుగా నుండును. ఆ గుర్తును చూడనివాని లెక్కలో పరికరపు నిడివియంతయు, అనగా నాలుగైదు అంగుళములు, చేరుటయో తరుగుటయో జరుగును. ఇక కిరణము వాలుట: 10 మీటర్ల దూరమున ఒక డిగ్రీ పక్కకు వాలినచో తప్పు ఒకటిన్నర మిల్లీమీటరే గాని, ఐదు డిగ్రీలు వాలినచో 38 మిల్లీమీటర్లగును, అనగా అంగుళమున్నర. ఈ తప్పు ఎల్లప్పుడును ఎక్కువవైపునకే పోవును. అందుచే కిరణమును కొద్దిగా అటునిటు కదల్చి, కనబడిన అంకెలలో చిన్నదానిని గ్రహింపవలెను.

కొలత సరిగా తీసినంతమాత్రమున కొనుగోలు సరియగునని లేదు. ‘రెండు బై రెండు’ అని అమ్మబడు టైలు నిజమునకు 600 మిల్లీమీటర్ల చతురస్రము. దాని వైశాల్యము నాలుగు చదరపు అడుగులు కాదు, 3.875 మాత్రమే. నాలుగు టైల్స్ గల పెట్టెకు 16 చదరపు అడుగులని లెక్కవేసికొనినవాడు వేయి చదరపు అడుగుల నేలకు రెండు పెట్టెలు తక్కువ తెచ్చుకొనును. ఆ రెండింటికై మరల పోవునప్పటికి అదే రంగు, అదే తయారీ వరుస దుకాణములో నుండక, హాలు నడుమ రంగు తేడా కలకాలము కనబడుచుండును.

ఇక ఫ్లాటు కొనువారి మాట. ఇచ్చటనే ఈ పరికరమునకు అసలైన పని కలదని నా అభిప్రాయము. మెట్లు, లిఫ్టు, నడవలు అన్నియు కలిపి ఒక పెద్ద సంఖ్యను చెప్పి, దానిపై ధర కట్టి అమ్ము పద్ధతి మన నగరములలో చిరకాలముగా సాగుచున్నది. 2016 నాటి స్థిరాస్తి చట్టము, జనవ్యవహారములో ‘రెరా’ అనబడునది, ఈ అయోమయమునకు అడ్డుకట్టగా కార్పెట్ ఏరియా అను మాటను స్పష్టముగా నిర్వచించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును 2017లో తమ నియమావళులను చేసికొన్నవి. చట్టమును అనుసరించి బయటిగోడలు ఆక్రమించిన స్థలము, పైపులు మొదలగువాని షాఫ్టులు, ఆ ఫ్లాటునకే చెందిన బాల్కనీ, వరండా, పైకప్పులేని టెర్రసు లెక్కలోనికి రావు; లోపలి అడ్డుగోడలు నిలిచిన స్థలము మాత్రము వచ్చును. చట్టము చెప్పిన ఈ వైశాల్యమును కొలుచుటకు కొనుగోలుదారునకు సర్వేయరు సాయము అక్కరలేదు. అయితే ప్రతి గదిని కొలిచి, వైశాల్యములను కూడి, ఒప్పందములోని సంఖ్యకంటె తక్కువ వచ్చినదని వెంటనే కయ్యమునకు దిగుట తొందరపాటు. పూతతో కలిపి ఆరంగుళముల మందము గల అడ్డుగోడ పన్నెండడుగుల పొడవున ఆరు చదరపు అడుగులను తినును. అట్టివి ఇంటిలో ఐదారు ఉండును. వానిని కలుపనివాడు తక్కువ చూచి కోపగించును. బాల్కనీని కలిపినవాడు సరిపోయినదని మోసపోవును. రెండును సరిదిద్దుకొనిన తరువాత కూడ పది చదరపు అడుగులు తక్కువైనచో, అడుగు ఆరు వేల రూపాయలు పలుకు చోట అది అరువది వేల మాట.

మనవారికి కొలతయందు శ్రద్ధ లేదనుటకు వీలు లేదు. ఆయము కట్టునప్పుడు ఎనిమిదింట భాగింపగా మిగిలిన శేషము ధ్వజమో, ధూమమో, వృషభమో తేల్చుకొనుటకు ఇంటి పొడవున ఒక అంగుళము కొరకు సిద్ధాంతితో గంటలకొలది వాదింతుము. ఆ శ్రద్ధలో పాలు పంచి, అదే ఇంటికి మనము సంతకము పెట్టు ఒప్పందములోని వైశాల్యమునకు కూడ ఇచ్చినచో ఏ శాస్త్రమును తప్పుపట్టదు.

పరికరమునకు చేతకాని పనులును కలవు. మూల సరిగా తొంబది డిగ్రీలున్నదా అను ప్రశ్నకు మూలమట్టము, నేల సమముగా నున్నదా అను ప్రశ్నకు రసమట్టము, ఇప్పటికిని సాటిలేనివి. ఎర్రటెండలో చుక్క కంటికి ఆనదు గనుక ఆరుబయట స్థలపు హద్దులు కొలుచుటకు దీనిని నమ్ముకొనరాదు. గజములు, సెంట్లు తేల్చు పని సర్వేయరుదే. అద్దముపైనను నిగనిగలాడు నల్లరాతిపైనను పడిన కిరణము నమ్మదగిన సమాధానము తేదు. అట్టిచోట తెల్లకాగితము అడ్డుపెట్టవలెను. ఇంటిలో పిల్లలున్నవారు దీనిని ఆటవస్తువుగా ఈయరాదు. కిరణము బలహీనమైనదే అయినను, దానిని కంటిలోనికి పట్టి చూచుట ఎవరికిని తగదు.

మేస్త్రీ ఎదుట పరికరము తీయుట ఆయనను అవమానించుటయే గదాయని సంకోచించువారు నాకు చాలమంది తెలియుదురు. ఏండ్ల తరబడి పనిచేసిన పెద్దమనిషిని ‘మేస్త్రీ గారూ’ అని పిలిచి, ఆయన కొలిచిన గోడనే మరల కొలుచుట మర్యాద కాదని వారి భావము. ఈ మర్యాద బిల్లు వచ్చునంతవరకే నిలుచుట నేనెరుగుదును. బిల్లు వచ్చిన తరువాత వెనుకచాటున ఆ మేస్త్రీనే దొంగయనుట అంతకంటె పెద్ద అమర్యాద. పని మొదటిదినముననే ఇద్దరును కలిసి కొలిచి, ఒకే కాగితముపై వ్రాసి, చెరియొక నకలు ఉంచుకొన్నచో నిజాయితీపరుడైన పనివానికే మేలు. తక్కువ కొలత చూపి బేరమాడు యజమానుల బాధ కూడ ఆయనకు తప్పును. అట్టి యజమానులు లేరా? ఉన్నారు, చాలమంది ఉన్నారు.

ప్రతి ఇంటివారును ఒక పరికరము కొనవలెనని కూడ లేదు. అపార్టుమెంటు సంఘములు మోటారు మరమ్మతునకు, మెట్ల దీపములకు పెట్టు ఖర్చులో అత్యల్పభాగముతో ఒకటి కొని, కార్యాలయములో ఉంచి, కావలసినవారికి ఒక పూట అరువిచ్చినచో చాలును. ఇక కొత్త ఫ్లాటు స్వాధీనము చేసికొనువారికి నా విన్నపమిది: తాళములు చేతికి తీసికొని రసీదుపై సంతకము పెట్టుటకు ముందు నిర్మాణదారుని ఇంజనీరును ఒక గంట అడుగుడు, అతని సమక్షముననే ప్రతి గదిని కొలిచి, వచ్చిన అంకెలను ప్లాను నకలుపైననే వ్రాయించి, ఇరువురును సంతకములు చేయుడు. గంట ఇచ్చుటకు అతడు నిరాకరించినచో, సంతకమును మరునాటికి వాయిదా వేయుడు.