ప్లేటు వేసేస్తే సరిపోతుందా?

డీజిల్ వాన్ మీద బతికే ఇళ్ళలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. "ఈజీఆర్ మాటిమాటికీ సతాయిస్తోంది, ప్లేటు వేసేస్తే పోలా!" అని. మెకానిక్ అంటాడు, పక్క వాన్ ఆయన అంటాడు, చివరికి ఇంట్లో మగవాళ్ళూ అదే అంటారు. ఒక రేకు ముక్క కోయించి వాల్వుకీ గొట్టానికీ మధ్య బిగించేస్తే ఇక ఆ బాధే ఉండదట. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. అది రిపేరు కాదండీ. మనింటి చెత్త తీసుకెళ్ళి ఎదురింటి గుమ్మంలో పోసి, మా ఇల్లు శుభ్రమైపోయిందని చంకలు గుద్దుకోవడం.

"వాల్వుల గొడవ ఆడవాళ్ళకెందుకు, అందులోనూ బి.ఏ. తెలుగు చదివినదానికి?" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఎందుకంటే మా ఇంట్లో వాన్ లెక్కల పుస్తకం రాసేది నేను. డీజిల్ ఎంత, టైర్లెంత, ఫైనాన్స్ వాయిదా ఎంత, షెడ్డుకి కట్టింది ఎంత, అన్నీ నా చేతిమీదుగానే వెళ్ళాలి. రోజూ బడిపిల్లల ట్రిప్పు, సెలవుల్లో అన్నవరమో తిరుపతో కిరాయి. ఆ బండి ఆగితే మా పొయ్యి మీద ఎసరు ఆగుతుంది. ఇంత లెక్క రాసేదానికి, ఆ లెక్క ఎందుకు పెరిగిందో అడిగే హక్కు లేదా? మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే కథ కదా. అందుకే ఈ సంగతి మనం తెలుసుకోవాలంటాను.

అసలు ఈ ఈజీఆర్ ఏమిటంటే, మన వంటింటి భాషలో చెప్పుకుందాం. ఇంజన్ పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. మామూలుగా అది ఎవరి జోలికీ పోని సాధువు. కానీ సిలిండర్ లోపల వేడి విపరీతంగా పెరిగితే అదే నైట్రోజన్ ఆక్సిజన్‌తో చేయి కలిపి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. ఆ వాయువులు ఊపిరితిత్తులకి శత్రువులు. లోపలి వేడి అంత దాకా పోకుండా చూడటానికి, బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజన్‌లోకే పంపుతారు. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట జోరు తగ్గుతుంది. కట్టెల పొయ్యిలో ఒక పచ్చి కట్టె తోస్తే మంట తగ్గి మసి కాస్త పెరిగినట్టన్నమాట. ఎప్పుడు ఎంత పొగ వెనక్కి పంపాలో చూసుకునే తలుపే ఈజీఆర్ వాల్వు.

ఇక దాని రోగం. పొగలో మసి ఉంటుంది. ఇంజన్ లోపలి నుంచి ఆయిల్ ఆవిరి కూడా అదే దారిలోకి వస్తుంది. ఆ రెండూ కలిస్తే జిడ్డు. పోపుల నూనె ఆవిరికి వంటింటి చిమ్నీ ఫిల్టర్ ఎలా తయారవుతుందో మనకొకరు చెప్పాలా? ఆ తలుపు జిడ్డుతో తెరుచుకునే ఇరుక్కుపోతే నల్ల పొగ, ఎత్తు ఎక్కలేకపోవడం, నిలబడ్డప్పుడు ఇంజన్ వణకడం, మైలేజీ పడిపోవడం. మూసుకునే ఇరుక్కుపోతే పైకి పెద్దగా తెలియదు, ఇంజన్ లైటు మాత్రం వెలుగుతుంది, కనబడని ఆ వాయువులు పెరుగుతాయి. ప్లేటు వేయడమంటే ఈ రెండో రోగాన్ని మనమే డబ్బిచ్చి శాశ్వతంగా తెచ్చుకోవడం. చిమ్నీకి జిడ్డు పట్టిందని గొట్టంలో గుడ్డలు కుక్కుతామా? కడుక్కుంటాం కదా!

ప్లేటు పక్షం వాళ్ళు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. ప్లేటు వేస్తే లోపలికి మసి వెళ్ళదు, నిజమే. పికప్ బాగుందనిపిస్తుంది, అదీ నిజమే. నల్ల పొగ కూడా తగ్గవచ్చు. అబద్ధమాడి వాదన గెలవాల్సిన అవసరం నాకు లేదు. కానీ "చూశావా, పొగ తగ్గింది, అంటే బండి శుభ్రంగా ఉన్నట్టే" అంటారే, అక్కడే ఉంది కిటుకు. కంటికి కనబడే మసి తగ్గింది, కంటికి కనబడనిది పెరిగింది. నైట్రోజన్ డయాక్సైడ్ శ్వాసనాళాల్ని రేపుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం ఎక్కువ చేస్తుంది. ఎండలో ఇతర వాయువులతో కలిసి నేలమట్టంలో ఓజోన్ పుట్టిస్తుంది, అదీ ఊపిరికి చేటే. సాయంత్రం బడి వదిలే వేళ గేటు దగ్గర ఆరేడు వాన్లు ఇంజన్లు ఆపకుండా నిలబడతాయి. వాటి మధ్య నుంచి ఒకటో తరగతి పిల్లలు సంచులు మోసుకుంటూ దూరి వస్తారు. వాళ్ళ ముక్కు ఎత్తు ఎంతో, పొగగొట్టం ఎత్తు ఎంతో ఒక్కసారి కళ్ళతో కొలవండి. ఆ పిల్లల ఫీజులతోనే మన వాయిదా కడుతున్నాం.

"పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చిందిగా, ఇంకేం కావాలి?" అంటారు. డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది పొగ చిక్కదనం ఒక్కటే. యాక్సిలరేటర్ తొక్కి, పొగలోంచి వెలుతురు ఎంత దూరుతోందో కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లని అక్కడ కొలవరు. అంటే ప్లేటు వేసిన బండి ఆ పరీక్షలో ఇంకా దర్జాగా పాసవుతుంది. మసి పూసి మారేడుకాయ చేయడం విన్నాం. ఇది మసి తుడిచి మారేడుకాయ చేయడం!

పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఒకలా ఉండటం ఎంత పెద్ద తప్పో ప్రపంచం ఒకసారి చూసింది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ బండారం బయటపడింది. పరీక్ష జరుగుతోందని కంప్యూటర్ పసిగట్టినప్పుడు కాలుష్య నియంత్రణ బుద్ధిగా పనిచేసేది, రోడ్డెక్కగానే సడలిపోయేది. అమెరికాలో కొన్ని కార్లు హద్దుకి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయని తేలింది. ప్రపంచమంతా కలిపి దాదాపు కోటీ పది లక్షల బళ్ళలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీ చేస్తే మోసం అన్నాం, పేపర్లలో చదివి ముక్కున వేలేసుకున్నాం. అదే పని మన వీధి చివర షెడ్డులో రేకు ముక్కతో చేస్తే "జుగాడ్" అని మెచ్చుకుంటామా?

చట్టం కూడా మెచ్చుకోదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారిపోయేలా బండిలో మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరిన బండి నడిపితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, పైగా మూడు నెలలు లైసెన్సు ఉండదు. డ్రైవింగే బతుకైన ఇంట్లో మూడు నెలలు లైసెన్సు లేకపోతే ఏమవుతుందో లెక్కల పుస్తకం రాసేవాళ్ళకి వేరే చెప్పాలా? "ఎవడు పట్టుకుంటాడు" అనేది ధైర్యం కాదు, జూదం. పందెంలో పెట్టేది ఇంటి బియ్యం.

కొత్త బళ్ళలో ఈ జూదం ఇంకా ఖరీదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. డీజిల్ కార్లకి నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు కిలోమీటరుకి 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దిగింది. అందుకే ఈ బళ్ళలో సెన్సర్లన్నీ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయి. ప్లేటు వేస్తే కంప్యూటర్ ఊరుకోదు, లైటు వెలిగిస్తుంది, కొన్ని బళ్ళలో వేగం పెరగనివ్వదు. అప్పుడు మళ్ళీ ఇంకొకడి దగ్గరికెళ్ళి ఆ కంప్యూటర్‌ని మభ్యపెట్టే ప్రోగ్రాం వేయించాలి. వారంటీ ఉంటే అదీ పోతుంది. రేకు ముక్కతో మొదలైన పొదుపు ఇలా తయారవుతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

"లారీలూ బస్సులూ పొగ వదులుతుంటే మన ఒక్క వాన్ వల్ల ఏమవుతుంది?" అని ఇంకో మాట. వీధిలో అందరూ చెత్త వేస్తున్నారని మన గుమ్మం ముందు ఊడ్చుకోవడం మానేశామా? ప్రతివాడూ "నా ఒక్కడిదేగా" అనుకోవడం వల్లే బడి గేటు దగ్గర అన్ని వాన్లూ అలా ఉన్నాయి.

"ఇంజన్ పాడైతే మనం మళ్ళీ వస్తామని కంపెనీవాడు కావాలని పెట్టాడు" అనేది మూడో మాట. కంపెనీల మీద నాకూ కోపం ఉంది. వాల్వు శుభ్రం చేయించడం ఎప్పుడెప్పుడో సర్వీసు పుస్తకంలో ఆయిల్ మార్పు పక్కనే, తెలుగులో, పెద్దక్షరాల్లో రాసివ్వాలి. చేయి పెట్టడానికి వీలైన చోట బిగించాలి. చిన్న భాగం దొరికేదానికి మొత్తం సెట్టు మార్చమనకూడదు. ఈ కోపం న్యాయమైనదే. కానీ అది కంపెనీ మీద చూపించాలి, ఒకటో తరగతి పిల్లాడి ఊపిరి మీద కాదు.

మరి ఏం చెయ్యాలి? మా బండికే కిందటేడు ఘాటు రోడ్డులో లాగుడు తగ్గి లైటు వెలిగింది. ఒక షెడ్డులో చూడగానే "అమ్మా, వాల్వు మార్చాలి, లేదంటే ప్లేటు" అన్నారు. స్కానర్ పెట్టారా అంటే పెట్టలేదు. ఇంకోచోట ఒక పెద్దాయన స్కానర్ పెట్టి చూస్తే పి 0401 అని కోడ్ వచ్చింది. వెనక్కి వెళ్ళాల్సిన పొగ సరిగ్గా వెళ్ళడం లేదని అర్థం. ఆయన ముందు వాల్వు జోలికి పోలేదు. వాక్యూమ్ గొట్టాలు తడిమి చూశారు, ఒకచోట చీలింది. అది మార్చి, వాల్వు ఊడదీసి, క్లీనర్ స్ప్రే చల్లి, మెత్తటి బ్రష్‌తో జిడ్డు తీసి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించారు. ఒక పూట పని. కొత్త వాల్వు ధరలో చిన్న వంతు కూడా కాలేదు. అప్పటినుంచి నా పుస్తకంలో ఆయిల్, ఫిల్టర్ పద్దుల కింద వాల్వు క్లీనింగ్ పద్దు ఒకటి చేరింది. చీటీ పాటకి నెలనెలా తీసిపెట్టినట్టు దానికీ కొంత తీసిపెడతాను. ఊహించని ఖర్చు అనుకుంటేనే ప్లేటు గుర్తొస్తుంది, ఊహించిన ఖర్చయితే అది మామూలు సర్వీసే.

అందుకే షెడ్డు నుంచి ఫోనొస్తే మనం అడగాల్సినవి కొన్నున్నాయి. స్కానర్ పెట్టారా, ఏ కోడ్ వచ్చింది? గొట్టాలు, వైరు కనెక్షన్, ఎయిర్ ఫిల్టర్ చూశారా? శుభ్రం చేస్తే సరిపోతుందా, మోటారే పోయిందా? మోటారు ఉన్న వాల్వునైతే కిరోసిన్‌లో నానబెట్టనివ్వకండి, అసలుకే మోసం వస్తుంది. కూలెంట్ ఊరికే తగ్గిపోతుంటే ఈజీఆర్ కూలర్ కారుతోందేమో కూడా చూడమనండి. ఇంకోటి, ఏసీ కోసమని అరగంట ఇంజన్ ఆన్‌లో ఉంచి నిలబెట్టడం మాన్పించండి. ఇంజన్ బాగా వేడెక్కని చిన్న ట్రిప్పులూ, ఉత్తినే నిలబెట్టడమూ మసికి పుట్టిళ్ళు. ఊళ్ళోనే తిరిగే బండిని అప్పుడప్పుడూ హైవే మీద ఒక అరగంట నడిపించడం మేలు.

బడిపిల్లల తల్లులకి కూడా ఒక మాట. వాన్ ఫీజు దగ్గర వంద రూపాయల కోసం గీచి గీచి బేరమాడతాం. ఆ వంద ఎక్కడ తెగుతుందో ఆలోచించండి. డీజిల్‌లో తెగదు, వాయిదాలో తెగదు. తెగితే సర్వీసులోనే తెగుతుంది. ఈసారి ఫీజు మాట్లాడేటప్పుడు "బాబూ, ఈజీఆర్‌కి ప్లేటు వేశారా?" అని కూడా అడగండి. పదిమంది తల్లులు అడిగిన వీధిలో ఆ రేకు ముక్క కోసేవాడికి పని తగ్గుతుంది. మా వాన్ గురించి అడిగినా నాకేం కోపం రాదు, లెక్కల పుస్తకం తెచ్చి ఆ పద్దు చూపిస్తాను.