పొగ పరీక్ష నెగ్గితే చాలునా?

నిలబడి ఉన్న కారు ఇంజను గుడగుడమని తడబడుతూ మోగుతుంటే అమెరికాలో కొందరు యువకులకు మహా ముచ్చట. ఆ మోత కోసం, వేగం కోసం, కారుతో వచ్చిన కామ్ షాఫ్టు తీసివేసి పందెపు కార్లకు వాడే రకం బిగిస్తారు. అయితే కాలిఫోర్నియాలో 1984 నుంచి కార్లకు పొగ పరీక్ష ఉంది. "ఈ కామ్‌తో పరీక్ష నెగ్గడం ఎలా?" అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నే తప్పని నా అభిప్రాయం.

కామ్ షాఫ్టు అంటే కోడిగుడ్డు ఆకారపు ఉబ్బులున్న కడ్డీ. అది తిరుగుతూ సిలిండరు కవాటాలను తెరుస్తుంది. పొగ పోయే కవాటం పూర్తిగా మూసుకోకముందే, పెట్రోలు కలిసిన గాలి వచ్చే కవాటం తెరుచుకుంటుంది. కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. పందెపు కామ్‌లో ఈ "కాసేపు" ఎక్కువ. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు అది మేలే. దూసుకుపోయే పొగ కొత్త గాలిని వెంట లాగుతుంది. మరి కారు ఆగి, ఇంజను 800 చుట్లే తిరుగుతున్నప్పుడు? భాగించి చూడండి, ఆ వ్యవధి ఏడున్నర రెట్లవుతుంది. పొగ వెనక్కి వచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తుంది. నిప్పురవ్వ పడినా అది సరిగా అంటుకోదు. మండని పెట్రోలు ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లు, వీధిలోకి పోతాయి. ముచ్చటపడిన గుడగుడ ఇదే!

హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో కలిసి ఓజోను పుట్టిస్తాయని 1950ల తొలినాళ్ళలో హాగెన్ స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. లాస్ ఏంజెల్స్‌లో కళ్ళు మండించిన పొగమంచు గుట్టు అదే. ఆకాశంలో ఎత్తున ఉండి మనలను కాచే ఓజోను, ముక్కు దగ్గరికొస్తే ఊపిరితిత్తులకు చేటు.

కామ్ ఇంజను లోపల ఉంటుంది, పైకి కనబడదు. కనుక పరీక్ష ముందు పెట్రోలు పాలు తగ్గించి, ఇంజను తిరిగే వేగం కాస్త పెంచి, నెగ్గాక మళ్ళీ మామూలుగా తిప్పుకునే చిట్కాలు పుట్టాయి. జ్వరమున్నవాడు చన్నీళ్ళు పుక్కిలించి థర్మామీటరు నోట పెట్టుకున్నట్టు! పరీక్ష సాధారణంగా రెండేళ్ళకొకసారి, అదీ కొన్ని నిమిషాలు. మిగిలిన రోజులన్నీ ఊరివాళ్ళు పీల్చే గాలివి. ఇది కుర్రకారు పనే అనుకోకండి. పరీక్షను పసిగట్టి అప్పటికి మాత్రం శుభ్రంగా నడిచే ప్రోగ్రామును ఫోక్స్‌వాగన్ కంపెనీయే తన డీజిలు కార్లలో పెట్టిందని 2015లో బయటపడింది.

వేగం కోరడం నేరమని నేననను. అక్కడి వాయు వనరుల మండలి పరిశీలించి, అనుమతి సంఖ్య ఇచ్చిన కామ్‌లు కూడా దొరుకుతాయి. 1975, అంతకుముందు తయారైన పాత పెట్రోలు కార్లకైతే అసలు పరీక్షే లేదు. వాటిని ముచ్చటగా దాచుకునేవారితో నాకు పేచీ లేదు.

మన పెట్రోలు బండ్లకూ ఇంజను వట్టిగా తిరుగుతుండగానే పొగ కొలుస్తారు. ఈసారి మీ నాన్నగారు బండిని పరీక్షకు తీసుకెళ్ళినప్పుడు వెంట వెళ్ళండి. ధ్రువపత్రంలో హైడ్రోకార్బన్ల అంకె ఎంతుందో చూసి రాసుకోండి.