గుర్రపువాతం తలరాత కాదు

కడుపుతో ఉన్న స్త్రీకి మూర్ఛలు వస్తే మన పల్లెల్లో గుర్రపువాతం అంటారు. డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు. మీటింగుల్లో ఈ విషయం ఎత్తినప్పుడల్లా నేను వినే మాట "ఆ పిల్ల రాత అంతే" అని. ఈ మాటతోనే నాకు పేచీ.

చాలామందిలో ఈ జబ్బు ముందే సూచనలిస్తుంది. అయిదో నెల దాటాక రక్తపోటు పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. తలనొప్పి వస్తుంది, చూపు మసకబారుతుంది. ముఖం, చేతులు వాచినా "కడుపుతో ఉన్నవాళ్లకి మామూలే" అని సరిపెట్టుకుంటాం. పట్టించుకోకపోతే తల్లికి మెదడులో రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మాయకు రక్తం సరిగా అందక బిడ్డ ఎదగదు, నెలలు నిండకుండా పుడుతుంది, ఒక్కోసారి కడుపులోనే పోతుంది.

మందు లేదా? ఉంది. మూర్ఛ మళ్లీ రాకుండా ఆపడంలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మిగతా మందులకంటే మేలని మన దేశంతో సహా పలు దేశాల్లో 1,687 మంది స్త్రీలతో జరిగిన పరిశోధన 1995లోనే తేల్చింది. బి.పి. పెరిగిన గర్భిణులకు ఇస్తే మూర్ఛ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో 33 దేశాల పరిశోధన చెప్పింది. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదును ఏ.ఎన్.ఎం.లే ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2010లో మార్గదర్శకాలిచ్చింది.

మరి లోపం ఎక్కడ? ఈ ముప్పు తొలి కాన్పులో ఎక్కువ. మన ఆచారం ప్రకారం తొలి కాన్పు పుట్టింట్లో. సరిగ్గా బి.పి. చూడవలసిన నెలల్లోనే ఆ పిల్ల ఊరు మారుతుంది. అత్తగారి ఊరి రిజిస్టరులో పేరుంటుంది, మనిషి ఉండదు. పుట్టింటి ఊళ్లో మనిషి ఉంటుంది, పేరుండదు. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. ఆ వయసు పిల్ల తలనొప్పి అంటే ఇంట్లో వినేదెవరు? ఆసుపత్రికి బండి మాట్లాడమని అడిగే అధికారం ఆమెకెక్కడిది?

మిత్రులారా, మీ ఊరి సబ్‌సెంటరుకు వెళ్లండి. బి.పి. మిషన్ పనిచేస్తోందా? మూత్రపరీక్ష జరుగుతోందా? ఇంజెక్షన్ ఉందా, గడువు దాటిపోయిందా? చూడండి. పుట్టింటికి వచ్చిన గర్భిణుల పేర్లు వెంటనే రాయించండి. కాన్పయ్యాక కూడా మూర్ఛలు రావచ్చు. అందుకే బాలింతను తొందరపడి ఇంటికి పంపేస్తుంటే అడ్డుపడండి. తల్లి చనిపోతే ప్రభుత్వం జరపవలసిన మాతృమరణ సమీక్షలో కుటుంబం చెప్పిన మాట నమోదయిందో లేదో అడగండి. చనిపోయి పుట్టిన బిడ్డను కూడా లెక్కలో రాయించండి.

తలరాతను నిలదీయలేం. సబ్‌సెంటరులో లేని మందును, నింపని పోస్టును నిలదీయగలం.