మడత సైకిలుకు ముందు గాలి, తర్వాతే తూకం

మడత సైకిలు కొన్న కొన్నాళ్లకు ఎవరికైనా ఒక పట్టుదల పుడుతుంది: దీని బరువు తగ్గించాలి. తెనాలి నుంచి బెజవాడకు సైకిలు మడిచి రైలెక్కించి ఆఫీసుకు వెళ్లేదాన్ని, ఆ పట్టుదల ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలుసు. స్టేషన్ వంతెన మెట్లెక్కేటప్పుడు ప్రతి వంద గ్రాములూ భుజానికి లెక్క చెబుతాయి. కానీ ఈమధ్య కొత్తగా సైకిలు కొన్న పిల్లలు ఫోన్ చూపించి, "మేడమ్, ఈ హ్యాండిల్ రాడ్డు సగం బరువేనట, తెప్పించమంటారా?" అని అడుగుతుంటే భయమేస్తోంది. ఖర్చు పెట్టాల్సిన చోట పెట్టకుండా, ముట్టుకోకూడని చోట పెడుతున్నారు.

తేలికైన మడత సైకిలు లేకపోలేదు. లండన్‌లో ఆండ్రూ రిచీ 1970ల మధ్యలో తన ఫ్లాట్‌లో మొదలుపెట్టిన బ్రాంప్టన్, 2022లో టైటానియం మోడల్‌తో దాదాపు ఏడున్నర కిలోలకు దిగింది. దాని ధర లక్షల్లో ఉంటుంది. మన ఊళ్లలో తిరిగే 20 అంగుళాల మడత సైకిళ్లు చాలావరకు 12 నుంచి 15 కిలోలు. విడిభాగాలు మార్చుకుంటూ పోయి వీటిని దానంత తేలిక చేయాలనుకుంటే, మారిన భాగాల ఖర్చుకు ఇంకో సైకిలు వస్తుంది.

నా సైకిలు మొదట 14 కిలోలు. ఇప్పుడు పన్నెండున్నర. తగ్గినదంతా దాదాపుగా తీసేసినవాటి బరువే. ఇనుప క్యారియర్ తీసేశాను, సంచి వీపున వేసుకుంటాను. సైడ్ స్టాండు తీసేశాను, మడిస్తే తనంతట తానే నిలబడే సైకిలుకు అది ఎందుకు? ఇనుప సీటు రాడ్డు స్థానంలో అదే కొలతకు అల్యూమినియందీ, ఇనుప పెడళ్ల స్థానంలో తేలికవీ వచ్చాయి. మడ్‌గార్డులు మాత్రం ఉంచాను. వానాకాలం బందరు రోడ్డులో అవి లేకుండా ఆఫీసుకు చేరితే చీర సంగతి చెప్పక్కర్లేదు.

మోత తేలికవడానికి తూకం ఒక్కటే చాలదు. మడిచాక రెండు చక్రాలూ కలిసి ఉండటానికి చిన్న అయస్కాంతం పెడతారు. అది పట్టు తప్పితే సైకిలు మెట్ల మీద విచ్చుకుంటుంది, పెడలు వచ్చి పిక్కకు కొడుతుంది. ఒక వెల్‌క్రో పట్టీ చుట్టి బిగించండి. ప్లాట్‌ఫారం మీద మోయకుండా, సీటు పైకి లాగి పట్టుకుని దొర్లించుకుపొండి. ఇక మోయాల్సింది మెట్ల మీదే.

తొక్కేటప్పటి కథ వేరు. మాది డెల్టా, నేల చదును. ఇలాంటి చోట కిలో తగ్గినా కాలికి పెద్దగా తెలియదు. టైరులో గాలి తగ్గితే మాత్రం వెంటనే తెలుస్తుంది. చక్రం చిన్నదైనకొద్దీ గతుకు పెద్దదవుతుంది, టైరు నలిగే నష్టమూ పెరుగుతుంది. పెట్రోలు బంకులో కుర్రాడు అలవాటుగా కారుకు కొట్టినట్టు 35 పౌండ్లు కొట్టి వదిలేస్తాడు. నా టైరు అంచున 65 అని ఉంది. పోనీ ఆ యంత్రంతోనే ఎక్కించమందామంటే, చిన్న ట్యూబు క్షణంలో నిండిపోతుంది, అదుపు తప్పితే పేలుతుంది. అందుకే మీటరున్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. అది కొన్నాక, గుబ్బలున్న మొద్దు టైర్లు తీసి, నున్నటి మంచి టైర్లు వేయించండి. ఈ సైకిలుకు పెట్టే ఖర్చులో ఇంత ఫలితమిచ్చేది ఇంకోటి నాకు కనబడలేదు. విశాఖలాంటి ఎత్తుపల్లాల ఊరైతే దీని తర్వాత తేలిక గేరున్న ఫ్రీవీల్ చూసుకోవాలి.

టైరు కొనేటప్పుడు అంగుళాలు నమ్మవద్దు. 20 అంగుళాలని రాసినవాటిలో 406 ఉంది, 451 ఉంది. ఒకదాని రిమ్ముకు ఇంకోటి ఎక్కదు. 16 అంగుళాలంటే పిల్లల సైకిలుది 305, బ్రాంప్టన్‌ది 349. టైరు పక్కన ఉబ్బెత్తుగా 40-406 అని ఉండే అంకె ఒక్కటే నిజం.

అసలు ప్రాణం కీళ్లలో ఉంది. ఫ్రేము నడుమ ఒకటి, హ్యాండిల్ రాడ్డు అడుగున ఒకటి. మామూలు సైకిలు హ్యాండిల్ ఫ్రేము మీద జానెడు లేస్తే, దీనిది దాదాపు మూరెడు లేస్తుంది. అంత పొడవు రాడ్డు చివర మనం బరువు వేసి బ్రేకు పట్టిన ప్రతిసారీ ఆ లాగుడంతా అడుగు కీలు మీద పడుతుంది. పైగా అల్యూమినియానికి ఇనుముకున్న ఓర్పు లేదు. చిన్న బరువే అయినా లెక్కలేనన్ని సార్లు పడితే ఏదో ఒకనాడు చీలిక మొదలవుతుంది. ఊరూ పేరూ లేని తేలిక రాడ్డు అక్కడ పెట్టవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. అది విరిగితే మొహం రోడ్డుకు తగులుతుంది.

కీలు చూసుకోవడానికి పనిముట్లు అక్కర్లేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టి, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపుతూ కీలు అతుకు మీద వేలు పెట్టండి. టకటకమని కదిలితే వదులైనట్టే. బిగింపు పిడి మూస్తే అరచేతిలో అచ్చు పడాలి. ఒక్క వేలితో మూతపడితే వదులు, రెండు చేతులూ కావాలంటే మరీ బిగువు. సర్దే బోల్టును పావు చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే గోరుతో గీరి చూడండి. గోరుకు తట్టితే ఆ రోజు నుంచి తొక్కడం మానేయాలి. కీలు చీలకు ఒక చుక్క నూనె చాలు. సీటు రాడ్డుకు నూనె తగలనివ్వకండి, జారిపోతుంది, పొడిగుడ్డతో తుడవండి.

చైనుకు పిల్లల స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను నడిమి నుంచి దాని తర్వాతి ఇరవై నాలుగో పిన్ను నడిమికి సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే పళ్ల చక్రాలూ పోతాయి. 406 చక్రం కిలోమీటరుకు 650 చుట్ల దాకా తిరుగుతుంది, పెద్ద 28 అంగుళాల సైకిలు చక్రం 450. అదే దూరానికి హబ్బు గోళీలు ఎక్కువ అరుగుతాయి కనుక ఓవరాయిలింగ్ కూడా ముందుగానే చేయించాలి. మా పేట మేస్త్రీ హబ్బు విప్పి, గోళీలు కిరసనాయిల్లో కడిగి, వేలితో గ్రీజు నింపి, చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టి వింటాడు. "శబ్దం లేదమ్మా, తీసుకుపో" అన్నాడంటే ఆ ఏడాదికి హబ్బు గురించి ఆలోచించను.

ఆ మేస్త్రీ చేయలేనిది ఒకటుంది. నా సైకిలు బిగింపు పిడి బోల్టు మర అరిగిపోతే అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. ఆ మోడల్ ఆపేశామని, విడిభాగాలు లేవని, పాతది ఇచ్చి కొత్తది తీసుకోమని చెప్పారు. ఫ్రేము నిక్షేపంగా ఉంది, చక్రాలు బాగున్నాయి. చిటికెన వేలంత బోల్టు కోసం సైకిలంతా పారేయమనడం అన్యాయం. లేత్ మీద ఒకటి చేయించుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. దేనికైనా చేయిస్తాను కానీ, ఏ రకం ఉక్కో తెలియని బోల్టు ఆ కీలుకు వేయించను. చివరికి అదే కొలత పిడి వాడే వేరే మోడల్ భాగం వెతికి తెప్పించుకున్నాను.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అది తీసుకున్న రంగాల జాబితాలో వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు–ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు ఉన్నాయి. సైకిలు లేదు. కొచ్చి మెట్రో 2020లో సైకిళ్లను, బెంగళూరు మెట్రో 2021లో మడత సైకిళ్లను రైల్లోకి రానిచ్చాయి, సంతోషం. రైలెక్కించిన సైకిలు పదేళ్లు రోడ్డు మీద ఉండాలంటే ఆ జాబితాలో సైకిలు కూడా చేరాలి. కీలు, పిడి, బోల్టు, హ్యాండిల్ రాడ్డు మోడల్ ఆపేశాక కూడా ఎన్నేళ్లు దొరుకుతాయో కంపెనీ అమ్మేటప్పుడే బిల్లు మీద రాసివ్వాలి. టైరు అంకె కూడా అక్కడే వేయాలి.