చైను మిషనా, టైరు మిషనా? సంతకానికి ముందు ఒక మాట



వరికోత యంత్రానికి ఋణం కోరి మా శాఖకు వచ్చే ప్రతి దరఖాస్తుదారునీ నేను మొదట అడిగేది యంత్రం ధర కాదు. "కోతల రోజుల్లో మీ ఊరి మాగాణిలో అడుగు వేస్తే పాదం ఎంత లోతుకు దిగుతుంది?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, మరికొందరు వెంట వచ్చిన డీలరు వైపు చూస్తారు. ఈ ప్రశ్న అడగడం నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను. ఆ ఆలస్యానికి నష్టపోయినది మాత్రం నేను కాదు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను ఒక మెట్ట ప్రాంతపు శాఖలో పనిచేశాను. ఎర్ర చెల్క నేలలు, ఒకటి రెండు చెరువుల కింద కొద్దిపాటి ఆయకట్టు, మిగిలినదంతా బోరుబావుల వరి. అన్నదమ్ములిద్దరు రబ్బరు చైన్ల కోతమిషను కొటేషనుతో వచ్చారు. పొరుగు మండలంలో చైను మిషనుకు గంటకు ఎక్కువ అద్దె పలుకుతున్నదని వారు విన్నారు, అది నిజమే. నేను కాగితం ముందు పెట్టుకొని సీజనుకు ఎన్ని గంటలు, ఎంత అద్దె, డీజిలెంత, డ్రైవరు జీతమెంత, వడ్డీ ఎంత అని లెక్క కట్టాను. మిగులు బాగానే కనబడింది. సిఫారసు చేశాను. ఆ లెక్కలో చైన్లు అరిగిపోతాయన్న వాక్యం ఒక్కటీ లేదు.

ఊరికీ ఊరికీ మధ్య కంకర దారి. మిషనును లారీ ఎక్కించి తీసుకొనిపోతే అద్దెలో సగం లారీకే పోతున్నదని వారు దారి మీదనే నడిపించారు. రెండవ యాసంగి పూర్తి కాకముందే రబ్బరు పళ్ళు అరిగి, లోపలి ఉక్కు తీగలు బయటపడ్డాయి. చేతిలో ఉన్న సొమ్ము అంతకు ముందే మా వాయిదాకు కట్టివేశారు. కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులలో ఆ యంత్రం వేపచెట్టు కింద నిలబడి ఉన్నది. చివరకు ఇంటి ఆడవారి బంగారం కుదువపెట్టి కొత్త జత తెచ్చుకొన్నారు. ఆ బంగారం కుదువపెట్టినది మా శాఖలోనే. ఆ కాగితం మీద కూడా నా సంతకం ఉన్నది.

ఆ నేలకు చైను అవసరమే లేదని కళాశాలలో మృత్తికా శాస్త్రం చదివిన నాకు తోచి ఉండవలసింది. లెక్క కష్టమైనదేమీ కాదు. రెండు రబ్బరు చైన్లు, ఒక్కొక్కటి 45 సెంటీమీటర్ల వెడల్పున, 160 సెంటీమీటర్ల పొడవున నేలను ఆనుకొని ఉన్నాయనుకోండి. మొత్తం ఆనిక 14,400 చదరపు సెంటీమీటర్లు. తొట్టిలోని ధాన్యంతో కలిపి యంత్రం 3,600 కిలోలు తూగితే చదరపు సెంటీమీటరుకు పడే బరువు పావు కిలో మాత్రమే. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలిచినప్పుడు అతని పాదం కింద ఇంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది! టైరు సంగతి వేరు. గట్టినేల మీద టైరు మోపే ఒత్తిడి దానిలో నింపిన గాలి ఒత్తిడికి దాదాపు సమానం. 28 పౌండ్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు, అనగా చైను కింద పడేదానికి ఎనిమిది రెట్లు. మెత్తని నేలలో టైరు కొంత దిగబడి తన ఆనికను తానే పెంచుకొంటుంది. కాని ఆ దిగబడడమే కదా మన బాధ.

కాబట్టి డెల్టా రైతుకు చైను మిషను ఆడంబరం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో వస్తాయి. అవి తుపానుల నెలలు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానును పెద్దలు ఇంకా తలచుకొంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది. పడిపోయిన పైరులో గింజ మొలకెత్తడానికి ఎన్నో రోజులు పట్టదు. అటువంటప్పుడు నేల ఆరేదాకా ఆగవలసిన యంత్రం ఉన్నా లేనట్లే. మాగాణి మినుము సంగతి కూడా చెప్పుకోవాలి. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలుచున్న వరిలోనే మినుము, పెసర చల్లే అలవాటు మనకు తరతరాలుగా ఉన్నది. తడినేలలో టైర్లు తీసిన గాడిలో నీరు నిలిచి ఆ విత్తనం కుళ్ళిపోతుంది. కోతకూలిలో మిగిలినది రెండవ పంటలో పోతుంది. ఇది యంత్రం యజమాని లెక్కలోకి రాదు. కాని మరుసటి సంవత్సరం ఆ రైతు అతనిని పిలవడు.

అయితే చైను ఎక్కడైనా నడుస్తుంది గనుక అదే క్షేమమని వాదించే మిత్రులున్నారు. మా శాఖలోనూ ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. చైను మిషను ఎక్కడైనా కోస్తుంది, నిజమే, కాని ఎక్కడికైనా నడిచిపోలేదు. డెల్టాలో సార్వా కోసి, ఏప్రిల్‌లో తెలంగాణ యాసంగికి పోవాలంటే లారీ కావాలి. టైరు మిషను తన కాళ్ళ మీద తానే పోతుంది. పంజాబు నుండి వచ్చే పెద్ద మిషన్లను మనం రహదారులపై చూస్తూనే ఉన్నాం. పనిలోనూ తేడా ఉన్నది. 14 అడుగుల కత్తెర గల టైరు మిషను గంటకు 3 కిలోమీటర్ల వేగంతో, మలుపులూ తొట్టి దింపుకోవడమూ పోగా, సుమారు రెండు ఎకరాలు కోయగలదు. 2 మీటర్ల కత్తెర గల చైను మిషను 4 కిలోమీటర్ల వేగంతో నడిచినా ఎకరం పావుకు కాస్త పైన. మడులు చిన్నవైతే పెద్ద మిషనుకు ఈ ఆధిక్యం చాలావరకు కరిగిపోతుందనుకోండి, అది వేరే మాట.

ఇక చైన్ల ఖర్చు. ఒక జత రెండు లక్షలనీ, వెయ్యి గంటలు వస్తుందనీ అనుకొంటే గంటకు 200 రూపాయలు చైన్ల కిందనే తీసి పక్కన పెట్టాలి. కంకర దారిన నడిపి ఐదు వందల గంటలకే అరగదీస్తే అది 400 అవుతుంది. డ్రైవరు చేతిలో చాలా ఉన్నది. గట్టినేల మీద ఉన్నచోటనే గిరుక్కున తిప్పితే రబ్బరు కోసుకొనిపోతుంది, గట్లూ చెదిరిపోతాయి. వెనక్కూ ముందుకూ తీసుకొని నెమ్మదిగా తిప్పాలి. డీజిలు, ఆయిలు రబ్బరుకు పడవు. బిగువు వదులైతే చైను చక్రం తప్పుతుంది, ఎక్కువైతే త్వరగా అరుగుతుంది. జీతం తక్కువకు వస్తాడని పని తెలియని డ్రైవరును పెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన పొదుపు.

చిన్న లోడర్ల విషయంలో కూడా ఈ ఆలోచనే పనికివస్తుంది. కోళ్ళఫారంలో సిమెంటు గచ్చు మీద ఎరువు ఎత్తే లోడరుకు టైర్లే మేలు, గచ్చు రబ్బరు చైనును గీకి తినివేస్తుంది. చేపల చెరువు అడుగున బురద తీసేదానికి చైనే దిక్కు.

నా సలహా ఇది. గడచిన మూడు సంవత్సరాలలో మీ చుట్టుపక్కల కోతలు ఏయే రోజులలో జరిగాయో, అందులో ఎన్ని రోజులు నేల తడిగా ఉన్నదో ఒక కాగితం మీద వ్రాసుకోండి. సగానికి పైగా తడి రోజులైతే చైను కొనండి, వెనుకాడవద్దు. పావు వంతుకు మించకపోతే టైరు మిషను తీసుకోండి. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే టైరు మిషన్లు కూడా దొరుకుతున్నాయి. ఆ పావు వంతు రోజులలో పొరుగువాని చైను మిషను రానివ్వండి, పోయిన అద్దె పెద్ద నష్టం కాదు. ఈ రెండింటికీ మధ్యన ఉన్నవారికి లారీ ఖర్చే తీర్పు చెబుతుంది.

మా వైపు నుండి జరగవలసినదీ ఉన్నది. చైను మిషనుకూ టైరు మిషనుకూ ఒకే నమూనాలో వాయిదాలు వ్రాయడం తప్పని నా అభిప్రాయం. చైను మిషను ఋణంలో మొదటి మారు మార్చవలసిన జత ఖరీదును కూడా చేర్చి మంజూరు చేయాలి. ఆ సొమ్ము ఋణగ్రహీత చేతికి ముందే ఇవ్వక, చైన్లు అరిగిన నాడు నేరుగా డీలరుకు చెల్లించాలి. ఋణం మొత్తం పెరుగుతుంది కదా అని పై అధికారులు అడగవచ్చు. కోతల మధ్యలో ఆగిపోయిన యంత్రం మీద వాయిదా ఎక్కడి నుండి వస్తుందని నేను తిరిగి అడుగుతాను. వాయిదాలు కూడా నెలనెలా కాక, సార్వా ధాన్యం సొమ్ము చేతికి వచ్చే జనవరిలో ఒకటి, దాళ్వా సొమ్ము వచ్చే జూనులో ఒకటి ఉండాలి.

డీలరు మిత్రులకు రెండు విన్నపాలు. కొటేషనులో యంత్రం ధర కిందనే చైను జత ధర, బిగింపు కూలి వ్రాసి ఇవ్వండి. నోటిమాట చాలదు. కోతలు మొదలయ్యే ముందు మీ గిడ్డంగిలో కనీసం ఒక జత నిలువ ఉంచండి. అమ్మిన నాడు చూపిన శ్రద్ధ అరిగిన నాడు కూడా చూపితే మరుసటి దరఖాస్తు మీ దుకాణం నుండే వస్తుంది.

పాత కొటేషన్లతో వచ్చేవారు ఒక సంగతి గమనించగలరు. కోతయంత్రాలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు వ్రాయించుకొన్న కొటేషను ఉంటే కొత్తది తీసుకొని రండి. తగ్గిన ఆ సొమ్మును మిషను మీద అదనపు హంగులకు ఖర్చు చేయకుండా చైన్ల కోసం పొదుపు ఖాతాలో వేయవలసిందిగా నా మనవి.